ఇల్లడ సొమ్ము



ఈ స్మారకోపన్యాసం ఎవరి పేరిట జరుగుతోందో ఆయన మీకందరికీ తెలిసినవారే. నాకు మాత్రం మొదటి రోజు నుంచీ ఆయన "సీనియర్ గారు". ఇవాళా ఆ పిలుపే నోటికొస్తుంది, అలాగే పిలవనివ్వండి.

ఆయన ఆఫీసులో కుర్చీ వెనక పచ్చరంగు ఇనప బీరువా ఒకటి ఉండేది. దానికి రెండు తాళాలు. ఒక తాళంచెవి ఆయన జేబులో, రెండోది గుమాస్తా గారి మొలలో. పార్టీలు తెచ్చిచ్చిన ఒరిజినల్ దస్తావేజులు, ప్రోనోట్లు, వీలునామాలు, భార్యాభర్తల ఉత్తరాలు అన్నీ అందులోనే. బీరువా మీద పొడుగాటి నోటుపుస్తకం. ఎవరు ఏ కాగితం ఏ తేదీన ఇచ్చారు, ఎన్ని పేజీలు, ఎప్పుడు తిరిగి తీసుకున్నారు, దాని పక్కన సంతకమో వేలిముద్రో. కేసు తేలగానే పార్టీకి కార్డు రాయించేవారు, మీ కాగితాలు వచ్చి పట్టుకెళ్లండి అని. రానివాళ్లకి రెండో కార్డు, మూడో కార్డు.

ఒకసారి ఊళ్లో పెద్దమనిషి ఒకాయన వచ్చాడు. మా పార్టీల్లో ఒక ఆసామి కొడుక్కి తన అన్న కూతుర్ని ఇవ్వాలనుకుంటున్నారట. పొలం దస్తావేజు ఒక్కసారి చూపిస్తే మనసు కుదుటపడుతుందన్నాడు. సీనియర్ గారు కాఫీ తెప్పించారు, పిల్లల చదువులడిగారు, వానల గురించి మాట్లాడారు. బీరువా మాత్రం తియ్యలేదు. ఆయన వెళ్లాక నేను ఉండబట్టలేక, "చూపిస్తే పోయేదేముంది సార్, శుభకార్యమే కదా" అన్నాను.

"అది మన సొమ్ము కాదయ్యా. ఇల్లడ సొమ్ము" అన్నారు.

ఆ మాట అప్పటికి నాకు తెలియదు. ఇంటికెళ్లి నిఘంటువు తీశాను. ఒకరు నమ్మి మన దగ్గర దాచుకున్న వస్తువుకి ఇల్లడ అని పేరు. కంపెనీల చేతిలో ఉన్న మన వివరాల గురించీ, వాటికి వేయాల్సిన తాళం గురించీ, తాళం పగిలినప్పుడు చట్టం అడిగే ప్రశ్నల గురించీ ఇవాళ నేను చెప్పదలుచుకున్నదంతా ఆ ఒక్క మాట చుట్టూనే తిరుగుతుంది.

పాత ధర్మశాస్త్రాలు దావాకు కారణమయ్యే తగాదాలను పద్దెనిమిదిగా లెక్కపెట్టాయి. మనుస్మృతి వరసలో మొదటిది అప్పు, రెండోది నిక్షేపం, అంటే ఈ ఇల్లడే. తన దశకుమార చరిత్రను తిక్కనకు అంకితమిచ్చిన కేతన 13వ శతాబ్దంలోనే యాజ్ఞవల్క్యస్మృతి వ్యాఖ్యను ఆధారం చేసుకుని తెలుగు పద్యాల్లో విజ్ఞానేశ్వరీయం రాశాడు. ధర్మశాస్త్రం తెలుగువాడికి తెలుగులో అందాలని ఏడు వందల ఏళ్ల కిందటే ఒకడికి తోచిందన్నమాట. ఈ సంగతితో కాసేపటికి మళ్లీ పని పడుతుంది.

యాజ్ఞవల్క్యుడు ఒక ప్రత్యేకమైన ఇల్లడను చెబుతాడు. పెట్టెలో పెట్టి, ముద్ర వేసి, లోపలేముందో చెప్పకుండా అప్పగించినది. దాన్ని ఔపనిధికం అన్నారు. రాజు వల్ల, దైవం వల్ల, దొంగల వల్ల పోతే దాచినవాడు ఇచ్చుకోనక్కర్లేదు. అడిగినా ఇవ్వకుండా అట్టిపెట్టుకున్నాక పోతే మాత్రం ఇచ్చుకోవాలి, పైగా దండుగ. యజమానిని అడక్కుండా సొంతానికి వాడుకుంటే శిక్ష, వడ్డీతో సహా వసూలు. 1872 నాటి కాంట్రాక్టు చట్టంలో బెయిల్‌మెంట్ అధ్యాయం తీసి చూడండి, ఇదే ధోరణి. మామూలు జాగ్రత్తపరుడు తన సొంత వస్తువును ఎలా చూసుకుంటాడో అలా చూసుకోవాలని సెక్షన్ 151. అంత జాగ్రత్త తీసుకున్నాక కూడా పోతే బాధ్యత లేదని 152. ఒప్పుకున్న పనికి కాక వేరేదానికి వాడి చెడగొడితే ఇచ్చుకోవాలని 154. మూడు ప్రశ్నలు: అడక్కుండా వాడావా? అడిగితే తిరిగిచ్చావా? ఏ తాళం వేశావు? ఇప్పుడొచ్చిన డేటా చట్టాన్ని ఎటు తిప్పి చదివినా ఈ మూడే కనిపిస్తాయి నాకు.

ఒక్క తేడా ఉంది, అది చాలా పెద్దది. బీరువాలోంచి దస్తావేజు పోతే ఆ చోటు ఖాళీగా కనబడుతుంది. కంప్యూటర్లోంచి పోయిన వివరం ఎక్కడున్నది అక్కడే ఉంటుంది. దొంగ చేతిలో ఒకటి, మన చేతిలో ఒకటి. పోయిందని తెలియడానికే నెలలు పట్టవచ్చు. తెలిశాక తిరిగి రాబట్టడమనేది ఉండదు. 2018లో తెలంగాణలో ఒక సిమ్ కార్డుల వ్యాపారి పట్టుబడ్డాడు. రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్లో ఎవరైనా చూడగలిగేలా ఉన్న భూమి దస్తావేజులు దించుకుని, వాటిమీది వేలిముద్రలతో రబ్బరు అచ్చులు చేసి, వాటితో వేల సిమ్‌లు యాక్టివేట్ చేశాడు. తర్వాత్తర్వాత అదే పద్ధతిలో ఆధార్‌తో నడిచే చెల్లింపుల నుంచి డబ్బు లాగేసినవాళ్లు ఆంధ్రలోనూ తెలంగాణలోనూ పట్టుబడ్డారు. పాస్‌వర్డు పోతే మార్చుకుంటాం. పొలం అమ్మిన రైతు బొటనవేలు ఎక్కడ మార్చుకుంటాడు?

ఈ విషయంలో సుప్రీంకోర్టులో మన ప్రాంతంతో ముడిపడిన మూడు సంగతులు వర్తకులు కూడా తెలుసుకోవాలి.

మొదటిది 1962 నాటి ఖరక్ సింగ్ కేసు. దోపిడీ కేసులో సాక్ష్యం లేక విడుదలైన మనిషి మీద ఉత్తరప్రదేశ్ పోలీసులు హిస్టరీ షీటు తెరిచి, అర్ధరాత్రి తలుపు తట్టేవారు. ఆరుగురు న్యాయమూర్తుల్లో మెజారిటీ ఆ రాత్రి తనిఖీలను కొట్టేసింది గానీ, ఏకాంతమనే హక్కు రాజ్యాంగంలో లేదంది. ఆంధ్ర హైకోర్టు తొలి ప్రధాన న్యాయమూర్తిగా పనిచేసిన జస్టిస్ కోకా సుబ్బారావు గారు, జస్టిస్ షాతో కలిసి ఒప్పుకోలేదు. వ్యక్తి స్వేచ్ఛలో ఏకాంతం విడదీయరాని భాగమని రాశారు. ఆ మైనారిటీ మాట సుప్రీంకోర్టు మాట కావడానికి 55 ఏళ్లు పట్టింది. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది ఏకగ్రీవంగా ఒప్పుకున్నారు. ఆ తొమ్మిదిమందిలో కృష్ణా జిల్లా నుంచి వెళ్లిన జస్టిస్ చలమేశ్వర్ గారు విడిగా తీర్పు రాశారు.

ఈ రెంటి మధ్య ఇంకొకటుంది. సభల్లో దాని పేరు ఎవరూ ఎత్తరు. వ్యాపారులకు అన్నిటికంటే దగ్గరిది అదేనని నా అభిప్రాయం. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1986లో స్టాంపు చట్టం సెక్షన్ 73ను సవరించింది. స్టాంపు సుంకం ఎగ్గొట్టారేమో చూడటానికి కలెక్టరు ఎవరికి అధికారమిస్తే వాళ్లు బ్యాంకుకెళ్లి ఖాతాదార్లు ఇచ్చిన కాగితాలు తిరగేయవచ్చు. కారణం రాయనక్కర్లేదు, అనుమానానికి ఆధారం చూపనక్కర్లేదు. మన హైకోర్టు దాన్ని కొట్టేసింది. హైదరాబాదు జిల్లా రిజిస్ట్రారు సుప్రీంకోర్టుకు వెళ్లాడు, ఎదురు కెనరా బ్యాంకు. 2004లో సుప్రీంకోర్టు హైకోర్టు తీర్పునే ఖాయం చేసింది. ఆ కేసులో ప్రభుత్వ వాదన మీరు ఇవాళ ఏ కంపెనీ నోటైనా వినవచ్చు: కాగితం ఇల్లు దాటి బ్యాంకుకు వెళ్లిపోయాక ఇంక దాని మీద గోప్యత ఏమిటి? కోర్టు ఒప్పుకోలేదు. గోప్యత మనిషిని అంటిపెట్టుకుని ఉంటుంది, చోటును కాదు. మనిషి నమ్మి ఇంకొకరి చేతిలో పెట్టినంత మాత్రాన అది ఆ మనిషిది కాకుండా పోదు. సీనియర్ గారు ఆ తీర్పు చదివి పేజీ అంచున పెన్సిల్‌తో "ఇల్లడ" అని రాసుకున్నారు. ఆ సంపుటం ఇప్పుడు నా దగ్గరుంది.

ఇక చట్టం సంగతి. పుట్టస్వామి తీర్పు తర్వాత జస్టిస్ శ్రీకృష్ణ కమిటీ 2018లో నివేదిక ఇచ్చింది, 2019లో బిల్లు వచ్చింది, 2022లో వెనక్కి పోయింది, చివరికి 2023 ఆగస్టులో డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టమైంది. నియమాలు 2025 నవంబరులో వచ్చాయి. డేటా ప్రొటెక్షన్ బోర్డుకు సంబంధించినవి వెంటనే అమల్లోకి వచ్చాయి. వ్యాపారుల మీద అసలు భారం పెట్టే భాగాలకు పద్దెనిమిది నెలల గడువిచ్చారు, అంటే 2027 మే నెల మధ్య దాకా. ఈ గడువును సెలవులా చూసేవాళ్లే నాకు ఎక్కువమంది కనబడుతున్నారు, అందుకే ఈ విషయం ఎంచుకున్నాను.

ఈ చట్టంలో నాకు నచ్చినవి రెండు. వివరాల అసలు యజమానిని ఎక్కడ చెప్పినా ఇంగ్లీషు మూలంలో "ఆమె" అనే రాశారు, మగవాళ్లకీ అదే వర్తిస్తుంది. రెండోది, వివరాలు తీసుకునే సంస్థకు పెట్టిన పేరు: డేటా ఫిడ్యూషియరీ. నమ్మకం మీద దాచిపెట్టేవాడని దాని భావం. యజమాని అన్న మాట వాడలేదు. మీ కంప్యూటర్లో లక్ష మంది ఫోను నంబర్లు ఉండవచ్చు, అది మీ ఆస్తి అని బ్యాలెన్స్ షీటు చూసి పెట్టుబడిదారుడు మురిసిపోవచ్చు. చట్టం దృష్టిలో అది లక్షమంది ఇల్లడ.

ముందు అనుమతి. ఏ వివరం, ఎందుకు తీసుకుంటున్నారో చెప్పి, స్వేచ్ఛగా, స్పష్టంగా ఒప్పుకున్నాకే తీసుకోవాలి. ఒప్పుకున్నంత సులువుగా వెనక్కి తీసుకునే వీలుండాలి. చట్టంలోనే ఒక ఉదాహరణ ఉంది. ఫోనులో వైద్యం చెప్పే యాప్ ఒకటి, వైద్యానికీ, మీ ఫోనులోని నంబర్ల జాబితా చూడటానికీ కలిపి అనుమతి అడిగింది. ఆమె రెంటికీ సరేనంది. అయినా నంబర్ల జాబితా వైద్యానికి అవసరం లేదు కాబట్టి ఆ సరే అక్కడ చెల్లదు. ఎవరో నొక్కిన బటను చూపించి మనం చేతులు దులుపుకోలేం. మందుల షాపు ఉదాహరణ కూడా ఇచ్చారు. బిల్లు కట్టి, రసీదు మెసేజీగా పంపమని ఆమె తనంతట తానే నంబరిస్తే, ఆ పనికి వాడుకోవచ్చు. ఆ పనికే. పండక్కి డిస్కౌంటు మెసేజీలు పంపడానికి కాదు. పక్క వీధిలో ఇన్సూరెన్సు అమ్మే బావమరిదికి ఇవ్వడానికి అసలే కాదు.

అనుమతి కోరే నోటీసును రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని 22 భాషల్లో దేనిలోనైనా చదువుకునే వీలు కల్పించాలి. కేతన సంగతి మళ్లీ వస్తుందన్నది ఇందుకే. తెలుగు నోటీసు రాయించుకోవడానికి ఇప్పటికే కొన్ని సంస్థలు నా దగ్గరికి వచ్చాయి. అనువాద యంత్రంలో వేసి తీసినవి తెస్తున్నారు, వాటిని నేను రెండు సార్లు చదివినా అర్థం కాలేదు. ఒక పరీక్షా కేంద్రానికి నేను రాసిచ్చింది ఇది: "మీ పేరు, వయసు, ఫోను నంబరు తీసుకుంటున్నాం. రిపోర్టు తయారైందని చెప్పడానికీ, రిపోర్టు పంపడానికీ తప్ప ఇంకెందుకూ వాడం. మీ డాక్టరుకు పంపాలంటే మిమ్మల్ని అడుగుతాం. మీ నంబరు తీసెయ్యమంటే ఈ కౌంటరులోనే చెప్పండి." నాలుగు వాక్యాలు. కౌంటరు దగ్గర కూర్చునే అమ్మాయి గట్టిగా చదివి వినిపించగలగాలి, వినే ముసలాయన తలూపగలగాలి. అలా కాని నోటీసు ఎన్ని పేజీలున్నా దాని మీద సంతకం నాకు అనుమతిలా కనిపించదు.

చట్టంలో ఒక లోటు ఇక్కడే చెప్పేస్తాను. ఇది డిజిటల్ రూపంలో ఉన్న, లేదా కాగితం మీద తీసుకుని తర్వాత కంప్యూటర్లోకి ఎక్కించిన వివరాలకే వర్తిస్తుంది. మొన్న వానాకాలంలో బస్టాండు దగ్గర మిరపకాయ బజ్జీలు కట్టించుకున్నాను. తిన్నాక చూస్తే పొట్లం కాగితం ఒక అప్పు దరఖాస్తు. ఒక తల్లి పేరు, ఆధార్ నంబరు, ఇద్దరు పిల్లల బడి పేరు, నెల ఆదాయం, ఆ పక్కన నూనె మరక. ఆ కాగితాన్ని తూకానికి అమ్మినవాడిని ఈ చట్టం కింద పట్టుకోవడం కష్టం. దాన్ని మడిచి జేబులో పెట్టుకుని ఇంటికొచ్చి చింపేశాను. ఇంకేం చెయ్యాలో నాకు తోచలేదు.

ఇప్పుడు తాళం సంగతి. సంస్థ తన దగ్గరున్న వివరాలకు తగిన భద్రతా ఏర్పాట్లు చెయ్యాలని సెక్షన్ 8 అంటుంది. చెయ్యక అవి బయటపడితే జరిమానా 250 కోట్ల దాకా. బయటపడ్డ సంగతి బోర్డుకూ ఆ మనుషులకూ చెప్పకపోతే 200 కోట్ల దాకా. ఈ అంకెలు పత్రికల్లో పెద్ద అక్షరాలతో వచ్చి చిన్న వ్యాపారులను భయపెట్టాయి. భయపడాల్సినది అంకెను చూసి కాదు. తప్పు ఎంత తీవ్రం, ఎన్నాళ్లు సాగింది, ఎలాంటి వివరాలు, తెలిశాక నష్టం తగ్గించడానికి ఏం చేశారు, ఇవన్నీ చూసి బోర్డు మొత్తం నిర్ణయించాలి. నిజంగా కలవరపెట్టాల్సినది అదే సెక్షన్‌లో మొదటి ఉపసెక్షన్. మీరు పని ఎవరికి అప్పగించినా, వాళ్లతో ఒప్పందంలో ఏం రాసుకున్నా, బాధ్యత మీదే. సాఫ్ట్‌వేర్ ఇచ్చినవాడి సర్వర్‌లోంచి పోయిందన్న జవాబు చెల్లదు. అసలు రాతపూర్వక ఒప్పందం ఎంతమంది దగ్గరుంది? నేను అడిగి చూసినచోట ఎక్కువగా కనబడింది ఒక కొటేషన్ కాగితం, అందులో ధర, జీఎస్టీ. భద్రత గురించి ఒక్క ముక్క లేదు. తాళం బీరువా కొన్నవాడి పని, తాళం తయారు చేసినవాడితో ఏం రాసుకోవాలో చూసుకోవడం కూడా వాడి పనే.

దొంగతనానికి గురైనవాడే దోషిగా నిలబడే పరిస్థితి మనకు కొత్త. హైదరాబాదు ఏ.పి. మహేశ్ కోఆపరేటివ్ అర్బన్ బ్యాంకు ఉదంతం చూడండి. 2022 జనవరిలో ఒక వారాంతంలో ఆ బ్యాంకు వ్యవస్థలోకి చొరబడి 12 కోట్ల 48 లక్షల రూపాయలు దోచారు. ఉద్యోగులకు మామూలు ఉత్తరాల్లా కనిపించే ఈమెయిళ్లు వచ్చాయి, తెరిచినప్పుడు లోపలికి దొంగ ప్రోగ్రాము దిగింది. డబ్బు ముందు అదే బ్యాంకులోని కొన్ని ఖాతాల్లోకి, అక్కణ్ణించి దేశమంతటా వందకు పైగా ఖాతాల్లోకి పోయింది. ఫిర్యాదు చేసింది బ్యాంకే. కానీ దర్యాప్తు చేసిన హైదరాబాదు పోలీసులు బ్యాంకు భద్రతలో నిర్లక్ష్యాన్ని బహిరంగంగా ఎత్తిచూపారు. 2023లో రిజర్వు బ్యాంకు 65 లక్షల జరిమానా వేసింది. దొంగల వల్ల పోతే ఇచ్చుకోనక్కర్లేదన్న పాత మినహాయింపు ఇక్కడికొచ్చేసరికి తిరగబడింది. దొంగ వచ్చాడా అని ఇప్పుడు ఎవరూ అడగరు. వాడు రావడానికి తలుపెలా తెరుచుకుందని అడుగుతారు.

ఒక ఆదివారం పొద్దున ఆరున్నరకు నాకొక ఫోను వచ్చింది. రక్తపరీక్షలు, స్కానింగులు చేసే కేంద్రం యజమాని. పేరు చెప్పను. కంప్యూటర్లన్నీ బిగుసుకుపోయాయి, తెర మీద ఇంగ్లీషులో బెదిరింపు, డబ్బు బిట్‌కాయిన్‌లో కట్టమని. ఆయన అడిగినవి వరసగా: "కట్టేద్దామా సార్? బయటికి చెప్పాలా? మా సాఫ్ట్‌వేర్ కుర్రాడు ఫార్మాట్ కొట్టేస్తే అయిపోతుందంటున్నాడు, కొట్టించెయ్యనా?" మూడోదానికి మాత్రం గట్టిగా వద్దని అరిచాను. ఫార్మాట్ చేస్తే పోయేవి ఫైళ్లు మాత్రమే కావు, దొంగ ఎటు నుంచి వచ్చాడో చెప్పే లాగ్‌లు పోతాయి, రేపు మనం జాగ్రత్తగానే ఉన్నామని చూపించుకునే సాక్ష్యం పోతుంది. కట్టినా ఒక కాపీ వాళ్ల దగ్గరే ఉండిపోతుందని చెప్పాను.

నేను వెళ్లేసరికి ఎనిమిదయింది. ముందు గది కంప్యూటరు అంచున పసుపు చీటీ అంటించి ఉంది, మీద పాస్‌వర్డు: కేంద్రం పేరు, తర్వాత 123. బ్యాకప్ ఉందా అని అడిగితే ఉందని ధైర్యంగా చూపించారు. అదే కంప్యూటరుకు ఎప్పుడూ తగిలించే ఉంచిన హార్డ్ డిస్కు. అదీ బిగుసుకుంది. మొదట చూసిందెవరు, ఎప్పుడు అని అడిగితే రాత్రి డ్యూటీ కుర్రాడు తలొంచుకుని, పదింటికి చూశాననీ, పొద్దున్న అందరూ వచ్చాక చెబుదామని పడుకున్నాననీ అన్నాడు.

ఇక్కడ చట్టం గడియారం ఎప్పుడు మొదలవుతుందో తెలియాలి. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం ఇలాంటి ఘటనను గమనించిన ఆరు గంటల్లో వాళ్లకు తెలపాలి. 180 రోజుల లాగ్‌లు దాచి ఉంచాలి. ఈ ఆదేశాలు ఇవాళ అమల్లో ఉన్నవే, 2027 దాకా ఆగేవి కావు. గమనించడమంటే యజమాని గమనించడం అని ఎవరూ రాయలేదు. ఆ కుర్రాడు చూసిన పదింటికే గడియారం మొదలైందన్న లెక్కతో, నాలుగు గంటలకు పైగా ఆలస్యంతో, కారణం దాచకుండా రాసి పంపించాం. కొత్త నియమాలు అమల్లోకొచ్చాక దీనికి తోడు బోర్డుకు ఆలస్యం లేకుండా మొదటి సమాచారం, 72 గంటల్లో పూర్తి వివరం, బాధితులందరికీ విడివిడిగా, అర్థమయ్యే మాటల్లో కబురు. లాగ్‌లు ఏడాది ఉంచాలి. సంస్థల యజమానులకు నేను చెప్పేది ఒకటే. మీ రాత్రి కాపలా మనిషికి మీ ఫోను నంబరుంటే చాలదు, నిద్ర లేపితే తిట్టరన్న నమ్మకం కూడా ఉండాలి. అది ఏ చట్టమూ రాయలేదు గానీ, ఆరు గంటల నిబంధన నిలిచేది దాని మీదే.

అక్కడే వెంటనే ఇంకొకటి గుర్తొచ్చింది. మా అన్నయ్య కూతురు హైదరాబాదులో మెడికల్ కోడింగ్ చేస్తుంది. అమెరికా ఆస్పత్రుల రోగుల రికార్డులు చూసి బిల్లింగు కోసం కోడ్‌లు వేసే పని, మన పిల్లలు వేలమంది చేస్తున్నారు. వాళ్ల ఫ్లోరులోకి ఫోను తీసుకెళ్లనివ్వరు, లాకరులో పెట్టాలి. కాగితం, పెన్ను కూడా లోపలికి పోవు. రోగుల వివరాలను కాపాడే అమెరికా హిపా చట్టం ఆ ఆస్పత్రిని కట్టేస్తే, ఆస్పత్రి ఒప్పందం మన కంపెనీని కట్టేస్తుంది. టెక్సాస్‌లో ఎవరికో ఉన్న షుగరు సంగతి అమీర్‌పేటలో బయటికి పొక్కకుండా ఇంత కాపలా. అదే అమ్మాయి వాళ్లమ్మ స్కాను రిపోర్టు మాత్రం మా ఊరి పరీక్షా కేంద్రం వాళ్లు డాక్టర్లు, కాంపౌండర్లు, ఏజెంట్లు ఉన్న వాట్సాప్ గ్రూపులో పెట్టారు. జాగ్రత్త మన పిల్లల చేతులకు బాగానే వచ్చు. మనవాళ్ల విషయంలో ఆ చేతులను ఎవరూ అడగలేదు, అంతే. కొత్త చట్టం విదేశాల్లో ఉన్నవాళ్ల వివరాల మీద ఒప్పందంతో చేసే ఈ పనికి తన నిబంధనల్లో చాలా భాగం మినహాయించింది. భద్రతా బాధ్యతను మాత్రం మినహాయించలేదు. స్టార్టప్‌లకు ప్రభుత్వం ఇవ్వగల సడలింపుల్లోనూ ఆ బాధ్యత చేరలేదు. ప్రభుత్వ సంస్థలకు తెరిచిపెట్టిన మినహాయింపులు మాత్రం ఉండాల్సినదానికన్నా ఎక్కువ విశాలంగా ఉన్నాయని నా నమ్మకం. వేలిముద్రలు బయటపడ్డది ప్రభుత్వ వెబ్‌సైట్లోంచేనని మరిచిపోకూడదు.

నన్ను అన్నిటికంటే బాధపెట్టే సంగతికి వచ్చాను. ఐటీ చట్టంలో 2009 నుంచి అమల్లో ఉన్న సెక్షన్ 43ఏ ఒకటుంది. సున్నితమైన వివరాలను కాపాడటంలో కంపెనీ నిర్లక్ష్యం చేసి ఎవరికైనా నష్టం కలిగిస్తే, ఆ మనిషికి పరిహారం ఇవ్వాలి. రాష్ట్ర ఐటీ కార్యదర్శి ముందు అర్జీ పెట్టుకోవచ్చు. ఎక్కువమందికి తెలియదు, తెలిసినవాళ్లూ పెద్దగా వాడలేదు, అయినా తలుపంటూ ఒకటుంది. కొత్త చట్టం పూర్తిగా అమల్లోకి రాగానే ఆ సెక్షన్ రద్దవుతుంది. దాని బదులు వచ్చే జరిమానాలన్నీ భారత సంచిత నిధికి పోతాయి. 250 కోట్లు వసూలైనా, ఎవరి రిపోర్టు వీధిన పడిందో ఆమె చేతికి ఒక్క రూపాయి రాదు. యాజ్ఞవల్క్యుడు కూడా రాజుకు దండుగ వేరుగా, యజమానికి సొమ్ము వేరుగా చెప్పాడు. మనం దండుగ ఉంచుకుని సొమ్ము మాట తీసేశాం.

అందుకే యువ న్యాయవాదులకు ఒక దారి చూపిస్తాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో అనుచిత వ్యాపార పద్ధతి అంటే ఏమిటో చెప్పేచోట, వినియోగదారు నమ్మకంతో ఇచ్చిన వ్యక్తిగత వివరాన్ని చట్టం ఒప్పుకోని విధంగా ఇంకొకరికి వెల్లడించడాన్ని కూడా చేర్చారు. మన జిల్లా కమిషన్లలో ఈ ఉపవాక్యం మీద గట్టిగా వాదించి, తెలుగులో సాక్ష్యం పెట్టించి, మనిషికి పరిహారం ఇప్పించే పని మీ తరం చెయ్యాలి. పార్లమెంటు 43ఏ లాంటిదాన్ని కొత్త చట్టంలోకి తిరిగి తేవాలి. అప్పటిదాకా ఈ సందు దారే దిక్కు.

ఆ ఆదివారం సంగతి పూర్తి చేస్తాను. అప్పటికి కొత్త నియమాలు రాలేదు. పేషెంట్లకు చెప్పి తీరాలన్న నిబంధన లేదు. యజమాని భయపడ్డాడు, చెబితే ఎవరూ రారని. నేను బీరువా కథ చెప్పాను. ఆయన చాలాసేపు ఊరుకుని, చెబుదాం అన్నాడు. కాగితం రిజిస్టర్లలోంచి నంబర్లు ఏరి, కౌంటరులో కూర్చునే అమ్మాయి సోమవారం పొద్దున నుంచి ఒక్కొక్కరికీ ఫోను చేసింది. మేం రాసిచ్చిన నాలుగు వాక్యాలు చదివేది: ఏం జరిగింది, ఏయే వివరాలు పోయుండొచ్చు, మేం ఏం చేస్తున్నాం, మీరు ఎవరికీ ఓటీపీ చెప్పకండి. కొందరు తిట్టారు. చాలామంది సరే అని పెట్టేశారు. మధ్యాహ్నం ఒక తల్లి అంతా విని, కాసేపు మాట్లాడలేదు. ఆవిడ కూతురికి పెళ్లిచూపులు అనుకుంటున్నారట, పిల్ల రిపోర్టు కిందటి నెల ఇక్కడే తీశారు.

"పోన్లే అమ్మా, చెప్పావు" అందావిడ. "ఆ కాగితం వాళ్ల దగ్గర్నించి ఎప్పుడు వెనక్కి తెప్పిస్తారు?"

ఆ అమ్మాయి ఫోను చేత్తో మూసి నా వైపు చూసింది.